నల్గొండలో ఆరు వారాల వెన్నుపాము పునరావాసం: ఇంటికి వచ్చాక ఎంత పనికొచ్చింది

నల్గొండ పట్టణం అంచున ఒక రెండంతస్తుల అద్దె భవనంలో నడిచే పునరావాస కేంద్రంలో నేను 42 రోజులు ఉన్నాను. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లను, పక్షవాతం వచ్చినవాళ్లను అక్కడే ఉంచుకుని ఫిజియోథెరపీ, నర్సింగు సేవలు అందించే చిన్న సంస్థ అది. మెచ్చుకోవలసినవి ఎన్ని ఉన్నాయో తప్పుపట్టవలసినవి కూడా ఇంచుమించు అన్నే ఉన్నాయి కాబట్టి దాని పేరు రాయడం లేదు. బయటికి వచ్చిన వారంలోనే ఈ సమీక్ష రాసి ఉంటే పొగడ్తలతో నింపేవాణ్ణి, ఆరు నెలలకు రాసి ఉంటే తిట్లతో నింపేవాణ్ణి. ఇప్పుడు ఇంటికి వచ్చి రెండేళ్లు దాటింది కాబట్టి అక్కడ నేర్చుకున్న వాటిలో ఏది నిలిచింది, ఏది మొదటి వానకే కొట్టుకుపోయింది అన్నది కొంత నిదానంగా చెప్పగలను.

నా సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ గాయంలో ఒకరి అనుభవం మరొకరికి పూర్తిగా సరిపోదు. మాది మునుగోడు వైపు ఒక పల్లె. డిగ్రీ చదివి, ఉద్యోగం దొరకక, నాయిన మోకు (చెట్టెక్కే తాడు) పట్టుకుని తాటిచెట్లు గీసినవాణ్ణి. 2022 వేసవిలో ఒక పొద్దుగాల కల్లు లొట్టి దించుతుండగా మోకు జారి పడ్డాను. గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం ప్రభుత్వం మొదలుపెట్టింది 2024 జూలైలో. నేను పడింది అంతకు రెండేళ్ల ముందు. హైదరాబాదులో ఆపరేషన్ చేసి పూసలకు రాడ్లు వేశారు. గాయం స్థాయి టి 10, అంటే ఛాతీ భాగంలోని పదో వెన్నుపాము ఖండం దగ్గర. బొడ్డు చుట్టూ స్పర్శను మోసేది ఆ నరమే. దాని కింద నాకు స్పర్శ లేదు, కదలిక లేదు, కాళ్లు మాత్రం అప్పుడప్పుడు వాటంతటవే బిగుసుకుని అదురుతాయి. చేతులు, భుజాలు పూర్తిగా పనిచేస్తాయి. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని డీటీపీ, ప్రూఫు దిద్దే పని చేసుకుంటున్నాను.

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపినప్పుడు మూత్రం పైపు వేసి పంపారు కానీ, పైపు ఎలా చూసుకోవాలో, పక్క మీద ఎంతసేపు పడుకోవచ్చో ఎవరూ చెప్పలేదు. మూడో వారానికి నడుము కింద త్రికాస్థి మీద రూపాయి బిళ్లంత ఎర్రని మచ్చ కనబడింది, నెల తిరిగేసరికి అది అరచేయంత పుండయింది. అలా గడిచిన ఏడు నెలల్లో పసరు కట్లు, నూనె మర్దనలు, ఒక చోట మూలకణాల (స్టెమ్ సెల్) ఇంజెక్షన్ పేరుతో అడిగిన మూడు లక్షల బేరం అన్నీ చూశాను. (ఆ మూడు లక్షలు ఇవ్వలేదు, అది తెలివి కాదు, లేకపోవడం. వెన్నుపాము గాయానికి మూలకణాల వైద్యం ఇప్పటికీ పరిశోధన దశ దాటలేదని, మన దేశంలో ఆమోదం పొందిన చికిత్స కాదని తరువాత తెలిసింది.) చివరికి ఈ కేంద్రానికి వెళితే, పుండు మానేదాకా చేర్చుకోబోమని తిప్పి పంపారు. ఆ రోజు మా అమ్మ వాకిట్లోనే కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లు చేసిన మొట్టమొదటి మంచి పని అదే అనిపిస్తుంది. ఆ పుండు మీద కూర్చోబెట్టి వ్యాయామాలు చేయిస్తే ఎముక దాకా పోయేది. తిప్పి పంపేటప్పుడు ఊరికే పంపలేదు. రెండు గంటలకోసారి ఎడమకు, వెల్లకిలా, కుడికి ఎలా ఒత్తిగిల్లించాలో, మడమల కింద దిండు ఎలా పెట్టాలో మా ఆవిడకు గంటసేపు చేసి చూపించారు, అందుకు పైసా తీసుకోలేదు. రెండు నెలల పది రోజులకు పుండు మానింది.

చేరిన రోజు ఫిజియోథెరపిస్టు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. “అన్నా, నడుస్తనా లేదా అని నన్ను అడగకు. గాయమై తొమ్మిది నెలలు దాటింది, కింద కదలిక, స్పర్శ ఏం రాలేదు. నడుస్తవని చెప్పి పైసలు తీసుకునుడు నాతోని కాదు. మంచం మీద నుంచి కుర్చీలకు ఎవరి సాయం లేకుండా దిగుడు ఆరు వారాలల్ల నేర్పిస్త.” ఆ మాటకు ఆ రోజు ఆమె మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఈ రంగంలో ఆశ అమ్ముకునేవాళ్లు ఎక్కువ కాబట్టి, మీరు ఏ కేంద్రానికి వెళ్లినా మొదటి రోజు ఏమి మాట ఇస్తున్నారో చెవి పెట్టి వినండి.

ఖర్చు లెక్క ఇది. మంచం, నర్సు, రోజుకు రెండు పూటల ఫిజియోథెరపీ కలిపి రోజుకు 1,800 రూపాయల చొప్పున 42 రోజులకు 75,600 అయింది. తోడుగా ఉన్న మా ఆవిడ భోజనానికి రోజుకు 150 చొప్పున 6,300 వేరు. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగింది గానీ, ఇది మాత్రం చేతి డబ్బే. అర ఎకరం కౌలుకు ఇచ్చి, చిట్టీ పాట ఎత్తి కట్టాము. అప్పట్లో నెలకు 3,016 రూపాయల వికలాంగుల పింఛనుతో బతికే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. ఆదివారాలు ఫిజియోథెరపీ ఉండదన్న సంగతి చేర్చుకునేటప్పుడు చెప్పలేదు, కానీ ఆ ఆరు ఆదివారాలకూ పూర్తి డబ్బే వసూలు చేశారు. అడిగితే మంచానికి, నర్సుకు అన్నారు. కావచ్చు, కానీ ముందే చెప్పవలసింది.

ఇక నేర్పిన విద్య దగ్గరికి వస్తే, అక్కడి నర్సును మొదట చెప్పుకోవాలి. అప్పటిదాకా నాకు మూత్రం పైపు ఎప్పుడూ వేసే ఉండేది, నెలకోసారి జ్వరం వచ్చేది. ఆమె ఆ పైపు తీయించి, వేళకు నేనే పైపు పెట్టుకుని మూత్రం తీసి, మళ్లీ తీసేసే పద్ధతి నేర్పింది. ఆస్పత్రి ఆపరేషన్ గదిలో ఉండేంత నిర్జంతుక శుభ్రత లేకపోయినా, సబ్బుతో కడిగిన చేతులతో, శుభ్రమైన పైపుతో ఇంట్లోనే ఈ పని చేసుకోవచ్చని 1972లో అమెరికాలో లాపిడిస్ అనే డాక్టరు చూపించాడట. మూత్రాశయం ఉబ్బి మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు చెడకుండా కాపాడేది వేళ తప్పకుండా ఖాళీ చేయడమే అన్నది ఆమె పాఠంలో మొదటి వాక్యం, చివరి వాక్యం కూడా. ఒక్కసారికి 500 మిల్లీలీటర్లు దాటకూడదని, దాటితే నీళ్లు తగ్గించడం కాకుండా వేళలు దగ్గర చేసుకోవాలని చెప్పింది. మూడు రోజులు ఎంత తాగానో, ఎంత వచ్చిందో కాగితం మీద రాయించి నా వేళలు తేల్చింది: ఉదయం ఐదు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పదిన్నర. మరి కల్లు తాగితే ఎట్లా అని నేను సిగ్గుపడుతూ అడిగితే ఆమె నవ్వలేదు, మందలించలేదు. “తాగిన గంటన్నరకు ఒకసారి ఎక్కువ తీయి, అది కూడ కాగితంల రాయి” అంది. నల్గొండ జిల్లాలో పనిచేసే నర్సుకు ఉండవలసిన పరిజ్ఞానం అది. మూత్రం కాస్త మబ్బుగా ఉన్నంత మాత్రాన, జ్వరం లేకపోతే యాంటీబయాటిక్ మింగవద్దని కూడా ఆమే చెప్పింది. ఆ ఒక్క మాటతో మెడికల్ షాపు ఖర్చు సగానికి తగ్గింది.

దొడ్డికి కూర్చునే విషయంలో మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. కడుపులోకి ఆహారం పడగానే పేగు కదులుతుంది కాబట్టి, ఉదయం టీ, టిఫిను అయిన అరగంటకు, రోజూ అదే వేళకు, గుంట ఉన్న కుర్చీ మీద కూర్చోవాలని వాళ్లు పెట్టిన నియమం. గాయం నా స్థాయిలో ఉన్నవాళ్లకు పేగు తన ప్రతిచర్యతో ఖాళీ కాగలదు కాబట్టి మలద్వారంలో మందు బిళ్ల పెట్టి, తొడుగు వేసుకున్న వేలితో మెల్లగా ప్రేరేపిస్తే పని జరుగుతుంది. తిన్న తరువాత దొడ్డికి కూర్చోవడమేమిటి, ముఖం కడగకముందే కదా పోవలసింది అని మా అమ్మ రెండు నెలలు గొణిగింది. కానీ ఆ వేళ కుదిరాకే నేను పెళ్లిళ్లకు, తహసీల్ ఆఫీసుకు ధైర్యంగా పోగలిగాను. కాళ్లు రాకపోవడం కంటే ఎక్కువగా నన్ను ఇంట్లో కట్టిపడేసింది బట్టలు పాడవుతాయన్న భయమేనని ఇప్పుడు నిస్సంకోచంగా రాయగలను.

మా గదిలో నలుగురం ఉండేవాళ్లం. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఏ చెట్టు మీద నుంచీ పడలేదు, ఏ బండీ గుద్దలేదు. నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగాడు, అంతే. నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడు పళ్లను గారపట్టించడంతో ఆగదు. ఏళ్ల తరబడి పేరుకుని ఎముకలను, వాటిని కట్టి ఉంచే స్నాయువులను మందంగా, బిరుసుగా చేస్తుంది. వెన్నుపాము పోయే దారి అలా ఇరుకైపోతే అది నొక్కుకుపోయి కాళ్లు పడిపోతాయి. ఆయన మెడ తిప్పలేడు, తలతో పాటు మొండెమంతా తిప్పి చూస్తాడు. పటికతో, సున్నంతో ఫ్లోరైడును దించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి ‘నల్గొండ టెక్నిక్’ అంటారని, ఆ పేరు వినడం తప్ప దాని నీళ్లు తమ ఊళ్లో ఎవరూ తాగలేదని ఆయన చెప్పేవాడు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నాయి, కానీ గట్టిపడిన ఎముక వెనక్కి రాదు. ఇలాంటివాళ్లకు కూడా మాకు చేయించిన వ్యాయామాలే చేయించడం సరికాదని నాకు అనిపించేది; బిగుసుకున్న ఆయన తుంటిని ఒకసారి గట్టిగా వంచబోతే ఆయన అరిచిన అరుపుకు వంటమనిషి పరిగెత్తుకొచ్చింది.

మరొక మంచంలో పాలమూరు నుంచి ముంబైకి వలసపోయి, పరంజా మీద నుంచి పడిన యువకుడు ఉండేవాడు. అతనికి గాయం మెడలో, సి 6 స్థాయిలో. చేతివేళ్లు కదలవు, కానీ మణికట్టును పైకి ఎత్తగలడు. అలా ఎత్తినప్పుడు వేళ్లు వాటంతటవే లోపలికి ముడుచుకుంటాయి, ఆ ముడుపుతోనే చెంచా, గ్లాసు పట్టుకోవచ్చు. ఆరు నెలలుగా వాళ్ల అమ్మ ప్రేమ కొద్దీ రోజూ ఆ వేళ్లను చాపి, మణికట్టును వెనక్కి వంచి నూనె రాసిందట. అందువల్ల ఆ స్నాయువులు సాగిపోయి పట్టు వదులైపోయింది. మణికట్టు పైకి ఉన్నప్పుడు వేళ్లను, వేళ్లు చాపినప్పుడు మణికట్టును వెనక్కి లాగవద్దని ఫిజియోథెరపిస్టు ఆమెకు చెప్పినప్పుడు, ఆ తల్లి తన రెండు చేతులనూ ఒళ్లో దాచుకున్న తీరు నాకు మరుపు రాదు.

అదే యువకుడికి ఒక రాత్రి ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, ముఖమంతా ఎరుపు, చెమటలు. తోడున్నవాళ్లు జ్వరమనుకుని పడుకోబెట్టి తడిగుడ్డ వేయబోయారు. నర్సు పరుగున వచ్చి, ముందు అతన్ని నిటారుగా కూర్చోబెట్టి, నడుము పట్టీ వదులు చేసి, అప్పుడు బీపీ చూసింది. మామూలుగా 100 దాటని అతనికి 170 ఉంది. దుప్పటి ఎత్తి చూస్తే మూత్రం పైపు తొడ కింద నలిగి మడతపడి ఉంది. దాన్ని సరిచేయగానే సంచిలోకి మూత్రం దూకింది, పది నిమిషాల్లో బీపీ దిగింది. టి 6, ఆ పై స్థాయి గాయాలవాళ్లకు శరీరం కింది భాగంలో ఏ ఇబ్బంది కలిగినా బీపీ ఇలా ఎగబాకుతుందని, పడుకోబెట్టడం ప్రమాదమని, ముందు చూడవలసింది మూత్రాశయాన్నేనని మరునాడు అందరికీ చెప్పింది. నా స్థాయికి ఆ భయం లేకపోయినా అర్ధరాత్రి ఆ ఇరవై నిమిషాలు చూశాక ఆ కేంద్రంలో రాత్రి నర్సు ఉండడానికి రోజుకు ఎంత ఇచ్చినా తక్కువే అనిపించింది.

అందరికంటే ఎక్కువగా నాకు నేర్పినవాడు మాత్రం డాక్టరూ కాదు, ఫిజియోథెరపిస్టూ కాదు. పదకొండేళ్లుగా చక్రాల కుర్చీలో ఉంటున్న ఒక ఉద్యోగి వారానికి మూడు రోజులు, పక్క చక్రాలు బిగించిన తన స్కూటరు మీద తానే నడుపుకుంటూ వచ్చేవాడు. ముందు చక్రాలు గాలిలోకి లేపి వెనక చక్రాల మీద నిలబెట్టడం అతనే నేర్పాడు. అది సర్కస్ అనుకున్నాను. కంకర బాటలో, మట్టి వాకిట్లో ముందు చిన్న చక్రాలు కూరుకుపోతే మనిషి ముందుకు బోర్లా పడతాడని, వాటిని లేపి నడపడమొకటే దారి అని ఊరికి వచ్చిన మొదటి రోజే తెలిసింది. నేల మీద నుంచి కుర్చీలోకి ఎక్కడం కూడా అతని దగ్గరే నేర్చుకున్నాను. ముందు ఒక పీట మీదికి, పీట మీద నుంచి కుర్చీలోకి. ఈ విద్య వచ్చాకే బంధువుల ఇంట్లో బంతి భోజనానికి కింద కూర్చోగలిగాను. పిరుదుల మీద భారం తగ్గించడానికి చేతుల మీద లేచి రెండు క్షణాలు ఆగితే సరిపోదని, అరగంటకు ఒకసారి ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి రెండు నిమిషాలు ఉండాలని కూడా చెప్పాడు. అలా వంగినప్పుడు బయటివాళ్లు ఏడుస్తున్నాడనుకుంటారు, పట్టించుకోవద్దు అన్నాడు. అన్నట్టే ఒకసారి బ్యాంకులో ఒకాయన వచ్చి నా భుజం తట్టి ఓదార్చి వెళ్లాడు.

హాలు గోడ మీద వెల్లూరు డాక్టరు మేరీ వర్గీస్ ఫొటో ఉండేది. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయిన ఆమె, ఆ తరువాత తాను చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. ఆ ఫొటో చూపించి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు రావడం నాకు నచ్చేది కాదు. స్కూటరు మీద వచ్చే మనిషి ఒక్కడు చాలు.

ఇప్పుడు నా ఫిర్యాదులు. అన్నిటికంటే పెద్దది కుర్చీ. మూడో వారంలో కేంద్రానికి అలవాటైన ఒక సరఫరాదారుణ్ణి పిలిపించి, అతని దగ్గర 14,500 రూపాయలకు చక్రాల కుర్చీ కొనిపించారు. నా తుంటి వెడల్పు 15 అంగుళాలు. కుర్చీ సీటు దానికంటే ఒక అంగుళం మించి ఉండకూడదు. వాళ్లు టేపు పట్టకుండా, కంటితో చూసి, 18 అంగుళాలది అంటగట్టారు. వెడల్పు కుర్చీలో మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు, ఒరిగిన పక్క ఎముక మీద భారమంతా పడుతుంది. ఇంటికి వచ్చిన ఐదో రోజు అద్దం పెట్టి చూసుకుంటే ఎడమ పిరుదు ఎముక మీద ఎరుపు. వేలితో నొక్కి వదిలినా తెల్లబడని ఎరుపు, అంటే పుండుకు మొదటి మెట్టు. పైగా ఆ కుర్చీ మా ఇంటి స్నానాల గది దర్వాజలో పట్టలేదు. రెండు నెలలు ఫోన్ల మీద ఫోన్లు చేశాక 3,000 కోసుకుని వెనక్కి తీసుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే, మా లాంటి చోట్ల కుర్చీ ఇచ్చేటప్పుడు మనిషిని కొలిచి, కూర్చోబెట్టి సరిచూసి, నడపడం నేర్పి, తరువాత మళ్లీ చూడాలని రాసిపెట్టింది. టేపుకు యాభై రూపాయలు కూడా కాదు. ఎవరు కుర్చీ అమ్మజూపినా తుంటి వెడల్పు, తొడ పొడవు, మోకాలి నుంచి మడమ దాకా కొలత మీరే రాసుకుని వెళ్లండి. పాదాలు పెట్టే పలకలు నేలకు రెండు అంగుళాల పైన ఉండాలి. గాలి గదుల కుషన్ మాత్రం వాళ్లు మంచిదే ఇప్పించారు, దాని గాలి చూసుకోవడం కూడా బాగా నేర్పారు: కూర్చున్నాక కింద చెయ్యి పెడితే ఎముకకూ అడుగుకూ మధ్య అర అంగుళం నుంచి అంగుళం దాకా సందు తగలాలి. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు సరిపోయిన గాలి మే నెల మధ్యాహ్నం ఎక్కువై గట్టిపడుతుందన్నది మాత్రం నేనే కనుక్కున్నాను.

రెండో ఫిర్యాదు, అక్కడ నేర్పినదంతా నున్నటి టైల్స్ మీద నేర్పారు. మా ఇంట్లో గడప ఉంది, అరుగు ఉంది, వాకిట్లో పేడనీళ్ల అలుకు ఉంది, నులక మంచం ఉంది. నులక మంచం మధ్యలో కుంగి ఉంటుంది కాబట్టి దాని మీద నుంచి కుర్చీలోకి రావడం గుంటలో నుంచి గట్టెక్కడమే. కుర్చీ సీటుకు సమానమైన ఎత్తులో చెక్క మంచం చేయించుకునేదాకా ఇంకొకరి సాయం తప్పలేదు. ఒళ్లో వేడి అన్నం పళ్లెం పెట్టుకోవద్దని, ఎండలో నిలిపిన కుర్చీ ఇనుప భాగాలు తొడలకు తగిలితే కాలినా తెలియదని, రాత్రి దోమతెర కట్టుకోకపోతే ఎలుక పాదాన్ని కొరికినా మెలకువ రాదని అక్కడ ఎవరూ చెప్పలేదు. మూడోది నా కుడి కాలి చిటికెన వేలికి జరిగాకే తెలిసింది. ఇంటికి పంపే ముందు ఒక్కసారి మనిషి ఇల్లు చూడడమో, కనీసం ఫోనులో వీడియో తీయించి చూడడమో చేస్తే ఇవన్నీ ముందే తెలిసేవి.

ర్యాంపు లెక్క మాత్రం కాగితం మీద రాసి ఇచ్చారు: ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మా అరుగు ఎత్తు 20 అంగుళాలు, అంటే 20 అడుగుల ర్యాంపు. వాకిలి పొడవు 15 అడుగులే. మేస్త్రీ “గింత పొడుగెందుకు పటేలా, ఐదడుగులు ఏటవాలుగ పోస్త, నూకుతె ఎక్కుతది” అన్నాడు. నూకడానికి మనిషి ఉంటే ర్యాంపే అక్కర్లేదని చెప్పి ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. పది అడుగులు పోయాక మలుపు దగ్గర ఐదడుగుల చదరపు చప్టా, అక్కడి నుంచి తిరిగి మరో పది అడుగులు పోయించాము, తడిసినా చక్రం జారకుండా సిమెంటు ఆరకముందే అడ్డగీతలు కొట్టించాము. 23,000 రూపాయలు అయింది. ఈ రెండేళ్లలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలో ఎంత మాత్రం బాధపెట్టనిది ఇదే.

మూడో ఫిర్యాదు రాయడానికి కొంత వెనకాడాను. ఆ ఆరు వారాల్లో మూత్రం గురించి, మలం గురించి, పుండ్ల గురించి నిర్మొహమాటంగా మాట్లాడిన ఆ కేంద్రంలో, భార్యాభర్తల సంబంధం గురించి, పిల్లలు పుట్టే అవకాశం గురించి ఒక్కరు కూడా ఒక్క మాట మాట్లాడలేదు. మాకు పెళ్లయి అప్పటికి మూడేళ్లు. నేను ఫిజియోథెరపిస్టును అడగలేకపోయాను, మా ఆవిడ నర్సును అడగలేకపోయింది. స్కూటరు మీద వచ్చే మనిషిని అడిగితే, ఇద్దరు పిల్లల తండ్రినని, దారులున్నాయని, డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లి అడగాలని చెప్పాడు. అడిగేదాకా ఆగకుండా ఆ సంస్థే ఆ మాట ఎత్తవలసింది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితాలు కూడా పూర్తిగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి తెలుగులో టైపు చేసుకుని గడియారం కింద అంటించుకున్నాను, మర్రిగూడ పెద్దాయన ఇంట్లో వాటిని ఎవరు చదివి ఉంటారో తెలియదు.

ఇంతా రాశాక అక్కడికి వెళ్లమంటావా వద్దంటావా అని అడిగితే, పుండు లేకుండా, కొలతలు రాసుకుని, ఇంటి వీడియో ఫోనులో పెట్టుకుని వెళ్లమంటాను. ఆరు వారాలకు తక్కువ ఉంటే డబ్బు దండగ. కుర్చీలోకి దిగడం నాకు నాలుగో వారం దాకా రాలేదు. నడిపిస్తామని చెప్పేచోటికి మాత్రం వెళ్లకండి.

వచ్చే నెల మేము మళ్లీ మూడు రోజులకు అక్కడికి పోతున్నాము. కుర్చీ తోసి తోసి కుడి భుజం నొప్పి పెడుతోంది, అది చూపించాలి. కుషన్ వాల్వు కూడా మార్పించాలి. ఈసారి డాక్టరును అడగవలసినవన్నీ మా ఆవిడ తన నోటుబుక్కులో వరుసగా రాసిపెట్టుకుంది. మొదటి ప్రశ్న ఏమిటంటే మాత్రం, అక్కడికి పోయినంక వినమంటున్నది.